ఇంటి పెద్ద ఎవరు?

ఆత్మకూరు, మంగళవారం రాత్రి

ఎరువుల కొట్టు శెట్టిగారితో ఈరోజు మళ్ళీ వాదన. ఆయన కొట్టుకు రాస్తున్న కంప్యూటర్ ప్రోగ్రాంలో కొనేవాళ్ళ వివరాలను టేబుళ్ళుగా, అంటే పట్టికలుగా పెడదామంటాను నేను: మనిషికొక వరుస, ఇంటికొక వరుస, మధ్యలో ఒక లింకు. ఎవరైనా పెళ్ళయి వేరే ఇంటికి పోతే లింకు మారిస్తే చాలు. ఆయనకది ఎక్కదు.

"మనుషుల్ని విడదీస్తే ఎట్టమ్మా? ఉదయగిరి నుంచి ఎవురొచ్చినా ఇంటి పేరు చెప్పే కదా ఎరువు మూట ఎత్తుకపోయేది. ఇంటి పెద్ద ఉండాడు, తక్కినోళ్ళంతా ఆయన కిందే."

అంటే మా ప్రోగ్రాంలు రాసేవాళ్ళ మాటల్లో డాక్యుమెంట్ పద్ధతి. ఇల్లంతా ఒకటే మూట, మనుషులు దాని లోపల. ఆయన కొట్టు నడిచే తీరుకు అదే నయం. ఒప్పేసుకున్నాను.

సాయంత్రం గదికొచ్చి, అన్నం కూడా పెట్టుకోకుండా ప్రోగ్రాం అలాగే మార్చాను. సరిచూద్దామని నా పేరు ఎక్కించబోతే, ఇంటి పెద్ద ఎవరని అడిగింది. ఖాళీగా వదిలితే ఒప్పుకోదు. నాయన పోయాడు. నాకు విడాకులయ్యాక వింజమూరులో ఉంటున్న ఆయన పేరు కొట్టబుద్ధి కాలేదు. చివరికి నా పేరే కొట్టాను.

తీసుకుంది. వెంటనే కింద ఇంకో గడి తెరిచి, 'ఇంట్లో ఇంకెవరెవరు ఉన్నారు?' అంటోంది.

సాయంత్రం ఆ ప్రశ్న రాసింది నేనే. ఎంత మామూలుగా రాశానో.