రోజులెన్నని అడుగు

నలభై రెండో రోజు

అన్నయ్యకు,

నీ చెల్లెలు రాస్తున్నది. ఇక్కడ అమ్మ, నాన్న, నేను, మన గోడమీది పిల్లితో సహా అందరం బాగున్నాం. నువ్వూ బాగున్నావని నీ చేతిరాతే చెప్పింది. పోయిన ఉత్తరంలో అక్షరాలు వణకలేదు. తేదీ వేయాల్సిన చోట నువ్వు మత్తు బిళ్లలు మానేసిన రోజుల అంకె వేస్తున్నావు కదా, నేనూ అదే పద్ధతి పట్టాను.

నీ ప్రశ్నలకు వరుసగా జవాబులు. అమ్మ కుట్టుమిషను బెల్టు మార్పించాం. ఇప్పుడది అరవడం లేదు, ఆ పని నాన్న చూసుకుంటున్నారు. నీ మంచం మీద నా పుస్తకాలు తప్ప ఎవరూ పడుకోవడం లేదు. చికిత్సా కేంద్రంలో ఫోను ఇవ్వరని అమ్మకు బెంగ. నాకు మాత్రం ఆ వంకన ఉత్తరాలు రాసే వీలు దొరికింది.

ఇక మూడో ప్రశ్న, నీ ర్యాప్ ఇంకా ఎవరైనా పాడుతున్నారా అని. పాడుతున్నారు. నువ్వు వెళ్లాక కూడా మన బడి మెట్ల మీద ఎనిమిదో తరగతి పిల్లలు అదే అరుస్తున్నారు:

నాలుక మీద బిళ్ల, నెత్తిన చుక్క,
నేనే ఇక్కడ రాజు, భయం నా కుక్క.

పోయిన నెల వాళ్లలో ఒకమ్మాయి సంచిలో బిళ్లలు దొరికాయి. ఎందుకు తెచ్చావని ప్రిన్సిపాల్ మేడమ్ అడిగితే, "పాటలో ఉంది కదా మేడమ్" అన్నదట. ఆ మాట నాకే తగిలింది. ఎందుకో చెబుతాను. కోపం వస్తే చివరిదాకా చదివాకే తెచ్చుకో.

ఆ రెండు లైన్లు నీ నేస్తం డబ్బా రాయలేదు అన్నయ్యా. నేను రాశాను.

చెల్లెలు రాసిందంటే నవ్వుతావని, నీ పక్కన టిఫిను డబ్బా వాయించే ఆ స్నేహితుడి చేతికే కాగితం ఇచ్చి, తనదేనని చెప్పమన్నాను. నాకు తెలిసింది తలనొప్పి బిళ్ల ఒక్కటే. 'చుక్క' పక్కన 'కుక్క' దొరికేసరికి ఒళ్లు మరిచిపోయాను. నువ్వేమో బతికి చూడనిది పాడకూడదనే పట్టుదల మనిషివి. ఆ లైను అబద్ధం కాకూడదని, పాడే ముందు మొదటి బిళ్ల వేసుకున్నావని డాక్టరుతో నువ్వు చెబుతున్నప్పుడు నేను తలుపు పక్కనే ఉన్నాను. నాన్న అక్కడికక్కడే, "ఆ డబ్బాగాడు ఇక నా గడప తొక్కకూడదు" అన్నారు. నేను నోరు మెదపలేదు. నాకోసం వాడూ మెదపలేదు.

"నా గురించి ఎవరడిగినా ఉన్నది చెప్పు, దాచకు" అని రాశావు చూడు, అది చదివాక ఇక ఆగలేకపోయాను. ముందు నాన్నకు చెప్పాను. ఆయన అప్పుడే వచ్చి బూట్ల లేసులు విప్పుకుంటున్నారు. "మీ అన్న నోటికి నీ తలకాయ తోడైందన్నమాట" అని, విప్పిన లేసులు మళ్లీ కట్టుకుని డబ్బా ఇంటికి వెళ్లారు. వాణ్ని వెంటబెట్టుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకుని అన్నం తిన్నారు. వాడు తింటూ, "మీ గడప ఏమీ అరగలేదంకుల్, అలాగే ఉంది" అన్నాడు. అమ్మ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

నిన్న బడి వార్షికోత్సవంలో మేమిద్దరం స్టేజీ ఎక్కాం. నా కాళ్లు ఒకటే వణుకు. డబ్బా చెవిలో, "వణుకు కూడా తాళంలోనే ఉంది, కానియ్" అన్నాడు. పాత పాటే అనుకుని పిల్లలు ఈలలు వేశారు. నేను అందుకున్నాను:

చూడనిదే రాశాను, చప్పట్లకే మురిశాను,
అన్న నా అబద్ధం మింగితే తలుపుచాటున నిలిచాను.
రాజెవరని అడగొద్దు, రోజులెన్నని అడుగు.

అక్కడ ఆగాను. ఈలలు ఆగిపోయాయి. ముందు వరుసలోంచి ఒక సన్నని గొంతు, "ఎన్ని?" అంది. బిళ్లలు దొరికిన ఆ పిల్లే. "నలభై ఒకటి" అన్నాను. రెండోసారి పాడితే హాలంతా అడిగింది. మూడోసారి నేను నోరు తెరవకముందే అంకె వాళ్లే అరిచారు. వెనక తలుపు దగ్గర నాన్న చేతులు రెండూ పైకెత్తి అరుస్తున్నారు. సంతోషంతో కూడా ఆయన గొంతు అంత పెద్దదవుతుందని ఇన్నాళ్లూ నాకు తెలియదు.

ఈ ఉదయం మెట్లెక్కుతుంటే పిల్లలు అడ్డం వచ్చారు. "ఇవాళ నలభై రెండు కదక్కా?"

నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు, ప్రాసతో తిట్టు. ఉత్తరం పైన అంకె వేయడం మాత్రం మరిచిపోకు. మెట్ల దగ్గర వాళ్లు అడుగుతారు.

ఇట్లు,
ఇక చూసిందే రాసే
నీ చెల్లి