నేల తట్టి పిలిస్తే

మంగళవారం, రాజపాళయం

రేపు ముత్తుకు మందు పెంచాలా వద్దా అన్నది తేల్చుకోవాలి. అందుకే ఈరోజు చూసింది చూసినట్టు రాసుకుంటున్నాను.

వాడు పుట్టుచెవిటి, మా ఊరి తెల్లకుక్కల్లో అది అరుదు కాదు. కాలితో నేలను రెండుసార్లు తడితే ఆ అదురుకు లేచి అన్నానికి వస్తాడు. మా మధ్య ఉన్న పిలుపు అదొక్కటే. మూత్రపిండాల జబ్బు తేలాక, చర్మం కింద సెలైన్ ఎక్కించడానికీ అలాగే పిలుస్తున్నాను.

సాయంత్రం అన్నం పెట్టి తట్టాను. తల ఎత్తి చూశాడు, రాలేదు.

"కూటికని పిలిచి ఊసి పొడిచినావు. ఇంక నిన్నెట్ల నమ్మేది వాడు, పావం!" అంది అమ్మ.

"ఆకలి లేదేమోమ్మా?"

"ఊరికంతా కుక్కల డాక్టరువి, నన్నడుగుతావే!"

గిన్నెను వాడి దగ్గరికి జరిపాను. నా చేతులవైపు చూశాడు. సూది లేదని అరచేతులు తెరిచి చూపించాను. రెండు ముద్దలు తిని పక్కకు తిరిగాడు.

ఇతరుల కుక్క అయితే, ఆకలి తగ్గింది, జబ్బు ముదిరింది అని తడుముకోకుండా చెప్పేదాన్ని. ముత్తు రాకపోవడం జబ్బు వల్లనో, నా వల్లనో నాకు తెలియడం లేదు.