అఫబుల్ హరనాథబాబు

3 నవంబర్ 2024
1991లో హరనాథబాబు నాకో మాట ఇచ్చాడు. తెల్లవారి అయిదింటికి జీపు తెస్తానని, కనకవ్వను నిజామాబాద్ దవాఖానకు తీసుకెళ్తానని. కనకవ్వ నా భార్య. రెండు రోజులుగా కడుపునొప్పితో మెలికలు తిరుగుతోంది. ఆ మాట నమ్మి ఆరు గంటల బస్సును పోనిచ్చాం. జీపు ఎనిమిదింటికి వచ్చింది. దారిలో కనబడ్డ ప్రతివాడి దగ్గరా ఆగి కబుర్లు చెప్పాడట. దవాఖాన గేటు దగ్గరే కనకవ్వ ప్రాణం పోయింది.

ఈరోజు ఆయన మనవరాలు యశస్వి వచ్చింది. తాతగారి ఎనభయ్యో పుట్టినరోజుకు సన్మానపత్రం ఇంగ్లీషులో కావాలట. "మీరే రాయాలండీ నర్సయ్య మాస్టారూ. అఫబుల్ అన్న మాట తప్పకుండా ఉండాలి. తాతయ్యంటే అదేనండీ!"

ఒళ్లు మండింది.

4 నవంబర్
ముప్పై ఏళ్లు ఆ మాటకు క్లాసులో అర్థం చెప్పాను. ఎవరైనా బెరుకు లేకుండా పలకరించగల మనిషి అఫబుల్. మంచివాడని కాదు. మాట మీద నిలబడతాడని అసలే కాదు. అఫబుల్ హోస్ట్ అనవచ్చు. అఫబుల్ డ్రైవర్ అంటే మాత్రం, వెనక కూర్చున్నవాళ్ల గతి ఏమిటో కూడా అడగాలి.

6 నవంబర్
రాయను.

9 నవంబర్, ఉదయం 7
రాశాను. అఫబుల్ ఒక్కసారే. కైండ్ లేదు, రిలయబుల్ లేదు. చదవడం వచ్చినవాడు చదువుకుంటాడు.

10 నవంబర్
హరనాథబాబు ఉండే ఆంధ్రావాళ్ల క్యాంపులో సన్మానం. హరీష్ ఆటోలో వెళ్లాను. పత్రం చేతిలో పెట్టి వచ్చేద్దామనుకున్నాను. హరనాథబాబు నా చెయ్యి వదల్లేదు.

"ఏం మాస్టారూ, ఇంకా ఆ ఎర్ర పెన్ను జేబులోనే ఉందే! నన్ను కూడా దిద్దేద్దామనా?"

నవ్వాను. నేను!

హరీష్ రెండుసార్లు వచ్చాడు. "సార్, ఇగ పోదామా? పిట్లం పోయే గిరాకీ ఉంది నాకు." ఒక్క నిమిషం అన్నాను. గంటన్నర తర్వాత బయటికొస్తే ఆటో లేదు.

కనకవ్వ ఊసు ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

11 నవంబర్
ఆ రోజు ఆరు గంటల బస్సు మా వీధి మొదట్లో ఆగి హారన్ కొట్టింది. కనకవ్వ గోడ పట్టుకుని లేచి, "గీ బస్సే ఎక్కుదాం పా" అంది. హరనాథబాబు మాటిచ్చాడు, కూర్చో అన్నాను.

బస్సును పోనిచ్చింది నర్సయ్య.