కాటా మీద అయిదుగురం

ఏప్రిల్ 27, సోమవారం

లీవు శాంక్షన్ అయింది. ఆరు రోజులు. సంతకం పెడుతూ మేనేజరు సణిగాడు, ఇక కాటా దగ్గర ఎవరు కూర్చుంటారని. ఈ పార్సిల్ ఆఫీసులో పదకొండేళ్ళుగా కాటా నాదే. డబ్బాని చూసి బరువు చెప్పేస్తాను, అరకిలో అటూ ఇటూగా. మనుషుల్ని కూడా అలాగే చూస్తానని ఆఫీసులో జోకు. జోకేం కాదు, నిజం.

కొత్తగా చేరిన పిల్లకి ఇవాళ టేర్ బటన్ నేర్పాను. ముందు ఖాళీ ట్రే పెట్టి టేర్ నొక్కితే అంకె సున్నాకి వస్తుంది. ఆ తర్వాత ఏం పెట్టినా సరుకు బరువే చూపిస్తుంది, ట్రే బరువు లెక్కలోకి రాదు. ట్రే ఎత్తేయగానే మైనస్ చూపించింది. ఆ పిల్ల కాటా పాడైపోయిందని కంగారుపడింది. పాడవలేదమ్మా, లేనిదాన్ని చూపిస్తోంది అన్నాను.

ఏప్రిల్ 30, గురువారం

స్విమ్మింగ్ కాస్ట్యూమ్ కొన్నాను. నలభై మూడేళ్ళకి. మోకాళ్ళ దాకా ప్యాంటు, మోచేతుల దాకా చేతులు, ముదురు నీలం. షాపులో అద్దం ముందు నిలబడి నాలో నేనే నవ్వుకున్నాను.

ఇదంతా చిట్టి కోసం. మా అమ్మాయి. పదహారేళ్ళు, నాకంటే రెండంగుళాలు ఎత్తు. జూన్ నుంచి హాస్టల్. సెలవులకి వెళ్ళబోయే వాటర్ పార్కు వీడియో చూపించింది. కొండంత ఎత్తు నుంచి గుండ్రటి రాఫ్ట్, అయిదుగురు ఎదురెదురుగా కూర్చుని జారిపోవడం. దీంట్లో నువ్వు నా పక్కన కూర్చోవాలి, తప్పించుకోవద్దు అంది. ఒట్టు వేయించుకుంది కూడా.

మీ అమ్మకి నీళ్ళంటే భయం అని పక్క గదిలోంచి మా ఆయన అన్నాడు.

నాకు నీళ్ళంటే భయం లేదు. చిట్టికి మూడేళ్ళప్పుడు సముద్రానికి వెళ్ళాం. చెప్పుల దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. అందరూ మొహాలు చూసుకుంటుంటే, నాకు భయంలే, మీరు వెళ్ళండి అన్నాను. ఒక్కసారి అన్న మాట. పదమూడేళ్ళు నడిచింది.

మే 2, శనివారం

వదినా అన్నయ్యగారూ కూడా వస్తున్నారట. వదిన మా ఆయనకి అక్క, అన్నయ్యగారు ఆవిడ భర్త. వాళ్ళ టికెట్లు నెల క్రితమే తీశాడట. నాకు ఇవాళ చెప్పాడు, బూట్లు పాలిష్ చేసుకుంటూ.

మే 6, బుధవారం, ఉదయం 7

కాస్ట్యూమ్ మీదే చీర కట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. చిట్టికి సర్‌ప్రైజ్.

మే 6, రాత్రి 8

రాస్తే గాని నిద్ర పట్టేలా లేదు.

లాకర్లు వద్దంది వదిన. తాళాలు ఎవరెవరి దగ్గర ఉంటాయో ఎవరికి తెలుసు అని. దాంతో అందరి ఫోన్లు, వదిన గొలుసు, అన్నయ్యగారి మాత్రలు, నీళ్ళ సీసాలు, బిస్కెట్లు ఒకే బ్యాగులోకి వెళ్ళాయి. బ్యాగు నా భుజం మీదికి వచ్చింది. ఎవరూ ఇవ్వలేదు, నేను అడగలేదు. దానికి దారి తెలుసు.

పొద్దుటి నుంచి మూడింటి దాకా గొడుగు కింద కాపలా. వాళ్ళు అలల్లో ఎగిరారు. గంటకొకసారి ఎవరో ఒకరు వచ్చి తడి తువ్వాలు నా మీద పడేసి, పొడిది పట్టుకుపోయారు. తడి తువ్వాలు పొడిదానికి రెండింతలు తూగుతుంది. బ్యాగు ఏడున్నర కిలోలకి వచ్చింది.

మూడింటికి నేనే లేచాను. బాత్రూములో చీర విప్పి, మడిచి, గొడుగు కింద కుర్చీలో పెట్టి నిలబడ్డాను. చిట్టి కెవ్వుమని అరిచి నన్ను వాటేసుకుంది. వదిన నన్ను పైనుంచి కిందికి చూసి, ఊరందరిదీ ఒక దారి ఉలిపికట్టెది ఒక దారి అంది. నాకేమీ అనిపించలేదు. చీర పోతే పోనీ గాని బ్యాగు మాత్రం వదలొద్దంది. సరేనని భుజాన వేసుకున్నాను.

నూట పన్నెండు మెట్లు. చిట్టి నా చెయ్యి పట్టుకునే ఎక్కింది. మోకాళ్ళు పీకాయి. అయినా ఎంత సంతోషమో.

పైన నేలలోనే కాటా ఉంది. పెద్ద పలక. ఎక్కేవాళ్ళంతా కలిసి దానిమీద నిలబడాలి. మూడు వందల అరవై దాటకూడదు. నాకు నవ్వొచ్చింది, ఇక్కడ కూడా కాటాయే. ఎక్కకముందే లెక్క కట్టేశాను. మా ఆయన ఎనభై ఎనిమిది, వదిన డెబ్భై ఎనిమిది, అన్నయ్యగారు ఎనభై మూడు, చిట్టి నలభై ఎనిమిది, నేను అరవై ఒకటిన్నర. సరిపోతాం, గీతకి ఇవతల.

అయిదుగురం ఎక్కాం. 366. ఎర్ర లైటు.

మెళ్ళో విజిల్ వేసుకున్న పార్కు అమ్మాయి, ఆరు కిలోలు ఎక్కువ, ఎవరైనా ఒకరు దిగండి అంది. వెనక క్యూలో ఉసూరుమన్నారు.

నాకు ఒక్క సెకను పట్టింది. బ్యాగు. రోజంతా ట్రే బరువు తీసేసి చెప్పడమే నా ఉద్యోగం, నా భుజం మీది బరువు తీసేయడం మర్చిపోయాను. పక్కనే చేతికందేంత దూరంలో చెప్పులు పెట్టుకునే అలమర ఉంది. బ్యాగు అందులో పెడితే అయిపోయేది. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?

పెట్టలేదు. ఆగాను. ఎవరైనా అంటారేమో చూద్దామని. బ్యాగు దింపు అని. రెండే మాటలు.

మా ఆయన పైకప్పు వంక చూశాడు. వదిన పొట్ట లోపలికి లాక్కుంది, అలా చేస్తే తూకం తగ్గుతుందనుకుందేమో. మిషన్ తప్పు చూపిస్తోందన్నారు అన్నయ్యగారు. విజిల్ అమ్మాయి నా భుజం వంక చూసి నోరు తెరవబోయింది. నేను చూపు తిప్పేసుకున్నాను. పరాయిది చెబితే నాకెందుకు?

అప్పుడు చిట్టి అంది. కోపంగా కాదు, ఎంతో మెల్లగా, నన్ను ఇబ్బందిలోంచి తప్పిస్తున్నట్టు.

"అమ్మా, నువ్వు దిగు. నీకెలాగూ భయమే కదా."

దిగాను. 297. ఆకుపచ్చ లైటు. మా ఆయన హమ్మయ్య అనుకుని, కళ్ళజోడు తీసి నా బ్యాగులో పెట్టాడు.

నూట పన్నెండు మెట్లు దిగాను, ఎక్కేవాళ్ళందరికీ ఎదురు. పక్కనే రాఫ్ట్ జారే గొట్టంలోంచి చిట్టి కేకలు వినిపిస్తూనే ఉన్నాయి. సంతోషపు కేకలే.

మే 7, గురువారం

కాస్ట్యూమ్ ఆరేశాను. చెమటకి తప్ప తడవలేదు అది.

మే 12, మంగళవారం

రాఫ్ట్ నీళ్ళలో పడేటప్పుడు పార్కు వాళ్ళు తీసిన ఫోటో కొన్నాం. కొన్నాం అంటే మా ఆయన కొన్నాడు. ఇవాళ ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాడు. నలుగురూ నోళ్ళు తెరిచి నవ్వుతున్నారు. అయిదో సీటు ఖాళీ. ఎంత బాగా వచ్చిందో, ఫ్యామిలీ అంతా ఒకే ఫోటోలో పడ్డామన్నాడు. వెనక్కి తిరిగి నన్ను చూసి, అంటే నువ్వు తప్ప అన్నాడు.

నాకూ ఎక్కాలని ఉండిందని చెప్పాను. మొదటిసారి చెప్పాను. ఆశ్చర్యపోయాడు. నోరు తెరిచి అడగొచ్చుగా, అడగందే అమ్మయినా పెట్టదంటారు అన్నాడు.

అడగాల్సింది అమ్మే అయితే ఏం చేయాలో ఆ సామెతలో లేదు.

మే 14

దుమ్ము తుడిచాను. ఫోటోది కూడా.

మే 24, ఆదివారం

చిట్టి హాస్టల్ సామాన్లు సర్దుకుంటోంది. అదే బ్యాగు. ఎత్తి చూసి, ఎంత ఉంటుందే అమ్మా అని అడిగింది, చిన్నప్పటి ఆట. ఎనిమిది అన్నాను. పార్కులో నువ్వు మోసినప్పుడో అంది. ఏడున్నర. వారెవా అని నవ్వింది. నవ్వుతూనే ఆగిపోయింది. చిన్నప్పటి నుంచి లెక్కల్లో ఫస్టు అది.

బ్యాగు దింపితే సరిపోయేది కదమ్మా అంది. అవునన్నాను. నీకు అప్పుడే తెలుసా అని అడిగింది. తెలుసన్నాను.

ఏడుస్తుందేమో అనుకున్నాను. దగ్గరికి తీసుకోవడానికి చెయ్యి కూడా చాపాను. ఏడవలేదు. మొహం గట్టిపడింది.

"అంటే మమ్మల్ని తూచావా అమ్మా? మేం పార్సిళ్ళమా?"

అడక్కుండా నిలబడి, మేం ఎప్పుడు తప్పు చేస్తామా అని చూశావంది. ఇప్పుడా ఫోటో చూసినప్పుడల్లా నాకు గుర్తొచ్చేలా చేశావంది. ఒక్క మాట అంటే నీ పక్కన కూర్చునేదాన్ని కదా అంది. తలుపు వేసుకుంది.

దాని మాటలో అబద్ధం లేదు. నా మాటలోనూ లేదు. ఇద్దరిదీ నిజమే అయితే మధ్యలో పోయిందేమిటి?

మే 31, ఆదివారం

హాస్టల్ గేటు దగ్గర బ్యాగు నా భుజం మీది నుంచి చిట్టి తీసుకుంది. నేను మోస్తాలే అంది. అంతే. లోపలికి వెళ్ళేటప్పుడు వాళ్ళ నాన్నకి చెయ్యి ఊపింది. నా వైపు ఊపిందేమో కూడా. ఇద్దరం పక్కపక్కనే ఉన్నాం.

జూన్ 1, సోమవారం

లంచ్ టైములో అందరూ వెళ్ళాక పెద్ద కాటా ఎక్కాను. చేతిలో ఏమీ లేదు. 61.4. టేర్ నొక్కాను. సున్నా. దిగాను.

మైనస్ 61.4.

కాటా బాగానే ఉంది.