చెప్పకుండా వెళ్ళే ఇళ్ళు

రత్నానికి,

ఎలా ఉన్నావు? నువ్వు వెళ్ళి పది నెలలు దాటింది. అక్కడ మామిడికాయలు దొరుకుతాయా? దొరికితే ఏ రకం? పులుపు ఉంటుందా? ఉత్తరం మొదట్లోనే ఇన్ని ప్రశ్నలేమిటని విసుక్కోకు. అడగకుండా ఉండలేనని నీకు తెలుసు కదా...

"గేదెను చూడమని పిలిస్తే ఆ ఇంటి కాపురం మొత్తం ఆరా తీసి వస్తారు మీరు" అనేదానివి. ఏం చెయ్యను? పశువుల ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు కాంపౌండరుగా చేసినవాడికి అడగడం తప్ప ఇంకేం వస్తుంది? నోరులేని జీవం చెప్పదు. ఎప్పటి నుంచి మేత మానేసింది, దానికి ముందు ఏం జరిగింది, పక్కన కట్టే గేదెను అమ్మేశారా... ఇవన్నీ ఇంటివాళ్ళనే అడగాలి.

ఈ ఏడు పూత విరగబూసింది. కాయ ముదిరే వేళకు గాలివాన కొట్టి చాలావరకు రాల్చేసింది. చిన్నరసాలు బాగా తగ్గాయి, బంగినపల్లి ఫరవాలేదు. బాపులపాడు వైపు పోయే లారీల మోతకు మధ్యాహ్నం కునుకు పట్టడం లేదు. నాకు వంట వచ్చింది. వచ్చిందంటే... పప్పు ఉడుకుతోంది. మైలవరం నుంచి మీ తమ్ముడు వచ్చి, బావా మా ఇంటికి వచ్చెయ్యి అన్నాడు. వెళ్ళలేదు. మన వరండా వదిలితే వీధిలో ఏం జరుగుతోందో నాకెవరు చెబుతారు?

నీకు ముఖ్యంగా చెప్పవలసిన సంగతి వేరే ఉంది. మీ మహిళా మండలికి సాయం వచ్చింది. విజయవాడలో ఒక సేవాసంఘం ఉందట. ఊళ్ళలో ఉండే చిన్న చిన్న సంఘాలు, కష్టంలో ఉన్నవాళ్ళ కోసం, ఒంటరిగా పడి ఉన్నవాళ్ళ కోసం ఏదైనా చేస్తామంటే వాళ్ళు కొంచెం డబ్బు ఇస్తారట. పెద్ద మొత్తం కాదు. సగం ముందు, మిగతాది పని చూశాక. కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ జీపులో వచ్చి, పంచాయతీ ఆఫీసులో మీవాళ్ళందరినీ కూర్చోబెట్టి, ఏం చేస్తారో చెప్పమంది.

నాకెలా తెలుసంటావా? కిటికీ పక్కన నుంచున్నాను. చెప్పు తెగినట్టు వంగి చూసుకుంటూ.

ఒకామె కుట్టుమిషన్లు కావాలంది. ఇంకొకామె టీవీ కొందామంది, అందరూ వచ్చి చూస్తుంటే ఇంక ఒంటరితనం ఎక్కడుంటుందని. అప్పుడు మార్తమ్మగారు లేచి, మేము ఆవకాయ పెడతామండీ అంది. నర్సుగా రిటైరయ్యాక కూడా ఆవిడ గొంతు వార్డులో వినిపించినట్టే వినిపిస్తుంది. నువ్వు వెళ్ళాక మండలిని మోస్తున్నది ఆవిడే.

జీపు ఆవిడ నవ్వింది. ఆవకాయతో ఒంటరితనం ఎలా పోతుందండీ అని అడిగింది. మార్తమ్మగారు తడుముకోలేదు. మనిషి పోయిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా ఆవకాయ పెట్టుకోరండీ, ఏటిసూతకం అంటారు, ఆ ఏడు ఎవరో ఒకరు ఇవ్వాలి, ఇవ్వాలంటే ఇంటికి వెళ్ళాలి, వెళ్తే కాసేపు కూర్చుంటాం కదండీ అంది. జీపు ఆవిడ పెన్ను పక్కన పెట్టి ఆలోచనలో పడింది. నేను చెప్పు సంగతి మరచిపోయి నిటారుగా నుంచుండిపోయాను.

ఈ ఆలోచన నీదేనా రత్నం? మీరిద్దరూ వేసవి మధ్యాహ్నాలు మన అరుగు మీద కూర్చుని గుసగుసలాడుకునేది ఇదేనా? నేను వస్తే మాట మార్చేవాళ్ళు...

సరే, సాయం వచ్చింది. గాలికి రాలిన నాటుకాయ చవగ్గా దొరికింది. మండలి పాకలో కత్తిపీటలు పెట్టి ముక్కలు కొట్టారు. ఆవాలు దంచుతుంటే ఆ ఘాటు మన వరండా దాకా వచ్చి నాకు తుమ్ములు పట్టుకున్నాయి. చిన్న జాడీల్లోకి ఎత్తి, మూతికి గుడ్డ చుట్టి వాసెన కట్టారు. ఏ జాడీ ఏ ఇంటికి వెళ్తుందో తెలుసుకోవాలని నా ప్రాణం కొట్టుకుంది. గేటు దగ్గర నుంచుని లెక్క కట్టుకున్నాను. ఫలానా ఇంట్లో పెద్దాయన పోయారు, ఇది అక్కడికి. ఫలానా ఇంట్లో కోడలు పోయింది, అది అక్కడికి.

ఒకటి రమణమ్మకు.

నీకు చెప్పాలి... రమణమ్మ మొగుడు నాగయ్య పుష్యమాసంలో పోయాడు. వీధి చివర, తోట కంచెను ఆనుకుని ఉన్న ఆ ఇంట్లో ఇప్పుడు ఆమె ఒక్కతే. నీకు అక్కడ నాగయ్య కనిపించి ముందే చెప్పి ఉంటాడేమో. ప్రతి వేసవిలో గడ్డి పరిచి బుట్టల్లో కాయ సర్దడానికి అందరికంటే ముందు వెళ్ళే మనిషి, ఈ ఏడు తోట మొహం చూడలేదు. తోట మేస్త్రి రెండుసార్లు కబురు పెట్టాడు. తలుపు తియ్యలేదు. పొయ్యి వెలిగించిన పొగ కూడా ఎప్పుడో గాని కనిపించదు.

మీవాళ్ళు వెళ్ళి పిలిచారు. పలకలేదు. కాసేపు అరుగు మీద కూర్చుని, జాడీ అక్కడే పెట్టి వచ్చేశారు. మర్నాడు నేను చూస్తే జాడీ పెట్టినచోటే ఉంది. ఆ మర్నాడూ ఉంది. వాసెన గుడ్డ మీద ఉడతలు ఆడుకుంటున్నాయి. నాకు భయం వేసింది రత్నం. మేత మానేసిన గొడ్డును ఎన్ని చూశాను... మొదటి నాలుగు రోజులు మందు పని చేస్తుంది. తర్వాత దానికే బతకాలని ఉండదు.

మిగతా ఇళ్ళలో జాడీలైతే తీసుకున్నారు. తీసుకుని తలుపు వేసుకున్నారు. వానలు పడేలోపు జీపు ఆవిడ మళ్ళీ వస్తుంది. ఎన్ని జాడీలిచ్చారని అడగదట, ఎవరు ఎవరి దగ్గర కూర్చున్నారని అడుగుతుందట. మార్తమ్మగారికి ఆ దిగులు కంటే రమణమ్మ దిగులే ఎక్కువగా ఉంది. ఎక్కడ పొరపాటు జరుగుతోందో తెలియడం లేదండీ అని మన గేటు దగ్గర నుంచుని అంది.

నాకూ తెలియలేదు. ముందు ఏం జరిగింది? ఎప్పటి నుంచి? వరండాలో పచార్లు చేస్తూ ఇవే ప్రశ్నలు.

జవాబు నడుచుకుంటూ మనింటికే వచ్చింది.

ఒక మధ్యాహ్నం గేటు చప్పుడైంది. చూద్దును కదా, ఆడవాళ్ళు బృందంగా వస్తున్నారు. తలలు వంచుకుని, కొంగులు భుజాల మీదుగా కప్పుకుని, ఎవరూ మాట్లాడటం లేదు. ఎవరు పోయారమ్మా అని అడిగాను. మార్తమ్మగారు గతుక్కుమంది. ఎవరూ పోలేదండీ కాంపౌండరుగారూ, మీకు ఆవకాయ తెచ్చాం అంది.

నాకు... ఊరంతా ఎవరెవరు ఒంటరివాళ్ళో గేటు దగ్గర నుంచుని చూసినవాణ్ణి, వాళ్ళు వెళ్ళవలసిన ఇళ్ళలో మనిల్లు కూడా ఉందన్న సంగతి నా బుర్రకు తట్టనేలేదు. నవ్వకు. కోపం వచ్చింది. నాకేం తక్కువ, నేను బాగానే ఉన్నాను కదా అనబోయాను. ఈలోగా వాళ్ళు చాప పరుచుకుని కూర్చున్నారు.

కూర్చుని నీ కబుర్లు చెప్పారు. ఉప్పు వేసే దగ్గర నువ్వు అనే మాట గుర్తు చేసుకున్నారు. "తక్కువైతే కలుపుకుంటాం, ఎక్కువైతే ఏడాదంతా ఏడుస్తాం." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఈ ఇంట్లో నీ పేరు ఎవరైనా పైకి పలికి ఎంతకాలమైందో తెలుసా? నేను కూడా పలకడం లేదు. ఒక్కణ్ణీ ఉండి పలికితే బాగుండదని.

తర్వాత వాళ్ళు లేచారు. ఒక్కొక్కరే చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఒక్క మాట లేదు. నావైపు చూడను కూడా లేదు.

ఇల్లంతా మళ్ళీ నువ్వు వెళ్ళిన వారంలా అయిపోయింది. అప్పుడూ ఇంతే కదా... జనం వచ్చారు, చాప మీద కూర్చున్నారు, చెప్పకుండా లేచి వెళ్ళారు. మళ్ళీ రాలేదు. వెళ్ళొస్తామని అనకుండా వెళ్ళినవాళ్ళు మళ్ళీ వస్తారని ఎలా అనుకోను? తలుపు వేసుకుందామని లేచాను. గడియ మీద చెయ్యి పెట్టాక ఆగిపోయాను. రమణమ్మ కూడా ఇలాగే లేచి ఉంటుంది కదూ?

పరుగెత్తాను. ఈ వయసులో, ఆ ఎండలో, చెప్పులు లేకుండా. వీధి మధ్యలో మార్తమ్మగారిని ఆపి, వెళ్ళొస్తామని ఎందుకు చెప్పలేదని అడిగాను.

రత్నమ్మగారే నేర్పారండీ అంది.

ఆవిడ ఈ ఊరికి కొత్తగా వచ్చిన రోజుల్లో ఎవరింట్లోనో పలకరింపుకు వెళ్ళి, లేస్తూ వెళ్ళొస్తానండీ అందట. ఆ ఇంటి ముసలమ్మ గొడవ చేసిందట. నువ్వు ఆవిడను పక్కకు తీసుకెళ్ళి చెప్పావట, "మార్తమ్మా, మనిషి పోయినింట్లో వస్తామని చెప్పకూడదు. ఇలాంటి రాక మళ్ళీ రావాలని కోరినట్టు అవుతుంది." మన ఊరి పద్ధతి కదా అని ఆవిడ ఇన్నేళ్ళూ తప్పకుండా పాటించింది. ఇప్పుడు మండలివాళ్ళందరికీ గట్టిగా చెప్పింది, అవన్నీ ఏడాది తిరగని ఇళ్ళు, పొరపాటున కూడా చెప్పి రాకండి అని.

చూశావా? అందరి ఇళ్ళకూ తాళం వేసింది నువ్వేనన్నమాట. ఇంత దూరం వెళ్ళి కూడా...

ఆ పట్టింపు ఎన్నాళ్ళు ఉండాలో గుళ్ళో ఆచార్యులుగారిని అడిగాను. పదకొండు రోజులే అన్నారు. కాస్త ఆలోచించి, ఏడాదనుకోవడమే మంచిదన్నారు. ఇంకాస్త ఆలోచించి, మీ ఇష్టమన్నారు. అసలు ఇది ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు? నువ్వైనా మీ అమ్మను అడిగావా?

ఇకనుంచి చెప్పి రండమ్మా అంటే మీవాళ్ళకు ధైర్యం చాలలేదు. చెప్పాక ఆ ఇంట్లో ఏదైనా జరిగితే ఆ మాట ఎవరు పడతారని వాళ్ళ భయం. ఆ భయాన్ని తీసిపారేయలేం. అందుకని, ముందు మా ఇంట్లో చెప్పండమ్మా అన్నాను. ఏదైనా వస్తే నాకే కదా రావాలి, ఆ ఇంట్లో మిగిలింది నేనొక్కణ్ణే.

మార్తమ్మగారు నా మొహంలోకి చూసింది. నాతో పాటు వచ్చి మన మెట్లెక్కింది. మంచినీళ్ళు అడిగి తాగింది. లేచి, వెళ్ళొస్తానండీ కాంపౌండరుగారూ అంది. మంచిదమ్మా, రండి అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఏడుపొచ్చింది రత్నం. దాచడమెందుకు, ఏడ్చాను.

మర్నాడు పొద్దున్నే మండలివాళ్ళందరూ ఏదో పని ఉన్నట్టు మన గేటు ముందు నుంచి ఒకరి తర్వాత ఒకరు నడిచారు. నేను బతికున్నానో లేదో చూసుకోవడానికి. కొందరు లోపలికే వచ్చి కాఫీ తాగి వెళ్ళారు.

ఆ మధ్యాహ్నం రమణమ్మ ఇంటికి బయలుదేరాం. నేను కంచె పక్కన నుంచున్నాను. వాళ్ళు పిలిచారు. పలకలేదు. అరుగు మీద కూర్చుని మామిడి కాపు గురించి, కొత్త మేస్త్రి నోటి దురుసు గురించి వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకున్నారు. లేచేటప్పుడు మార్తమ్మగారు మూసిన తలుపుతో, రమణమ్మా, వెళ్ళొస్తాం అంది.

ఏమీ జరగలేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళారు. మళ్ళీ చెప్పారు. ఆ తర్వాతి రోజు కూడా చెప్పి మెట్లు దిగుతుంటే లోపల గాజుల చప్పుడు కాదు గాని... ఆమెకు ఇప్పుడు గాజులెక్కడివి... చెంబు కింద పెట్టిన చప్పుడైంది. తలుపు వెనక నుంచి గొంతు వచ్చింది. ఎప్పుడొస్తారు అని.

అంతే అడిగింది. మార్తమ్మగారు దిగిన మెట్లు మళ్ళీ ఎక్కింది.

తలుపు తెరుచుకుంది. మనిషి సగమైపోయింది. కూర్చోబెట్టి గంజి తాగించారు. రెండు రోజులు పోయాక జాడీ తెరిచి నాలుక మీద వేసుకుని, ఇది కలిపిందెవరు, రత్నమ్మ ఉంటే చేతి మీద కొట్టేది అందట. రెండో విడత కాయకు తానే వచ్చి పాకలో ఉప్పు వేసింది. ఏటిసూతకంలో ఉన్న మనిషి తన ఇంట్లో ఆవకాయ పెట్టకూడదు, మరి మండలి పాకలో కలిపితే పెట్టినట్టా కాదా? ఎవరినీ అడగలేదు. ఈసారి నాకే అడగబుద్ధి కాలేదు.

మొన్న జీపు ఆవిడ వచ్చింది. పాకలో అందరి మధ్యా కూర్చుని, ముద్ద కలుపుకుని తిని, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. ఘాటుకే అంది. మిగతా సాయం ఇస్తామనీ చెప్పలేదు, ఇవ్వబోమనీ చెప్పలేదు. జీపెక్కబోతుంటే రమణమ్మ అడ్డం వెళ్ళి, మా ఊళ్ళో చెప్పి వెళ్ళాలమ్మా అంది. ఆవిడ ఒక కాలు జీపులో పెట్టి, వెళ్ళొస్తాను అంది. అంటే వస్తుందనే కదా అర్థం? నువ్వేమంటావు?

ఇంకొక్కటి అడుగుతాను. ఆ రోజు పొద్దున నాకు కాఫీ ఇచ్చి, లోపలికి వెళ్ళి పడుకున్నావు. మళ్ళీ లేవలేదు. ఎప్పుడూ పక్కింటికి వెళ్ళినా చెప్పి వెళ్ళేదానివి కదా... ఆ రోజు ఎందుకు చెప్పలేదు? నీకే తెలియలేదా? లేక వస్తానని చెప్పి రాకపోతే నేను వరండాలో ఎదురుచూస్తూ కూర్చుంటానని చెప్పలేదా?

నువ్వు చెప్పకపోయినా నేను చెబుతాను. ఆడవాళ్ళు వెళ్ళి కూర్చోలేని ఇళ్ళు కొన్నున్నాయి, పెళ్ళాలు పోయిన నాబోటి ముసలాళ్ళవి. అవి నాకు అప్పగించింది మార్తమ్మగారు. ఈ పూట జి. కొండూరు నుంచి వచ్చి గోదాము వెనక గదిలో ఒక్కడే ఉంటున్న పెద్దాయన దగ్గరికి వెళ్ళాలి. ఆయనకు ఇంట్లో ఎవరు పోయారో, ఎప్పుడు పోయారో ఇంకా కనుక్కోలేదు. నాకు ఎన్ని ప్రశ్నలున్నాయో నీకు తెలుసు.

జాడీ సంచిలో పెట్టుకున్నాను. తలుపు దగ్గరికి వేస్తున్నాను, తాళం వెయ్యడం లేదు.

వెళ్ళొస్తాను రత్నం.

ఎప్పుడొస్తారని మాత్రం అడక్కు. ఇక్కడ ఇంకా కొన్ని ఇళ్ళున్నాయి.

మీ ఆయన