తడిమితే వేడెక్కే పొయ్యి

తమ్ముడూ,

పొద్దున ఆరున్నరకు కొత్త కరెంటు పొయ్యి మీద అమ్మ కుడిచేతి వేళ్లు కాలాయి. మందు రాశాను. ట్యూబు ఫ్రిజ్ మీద ఉంది, మధ్యాహ్నం మళ్లీ రాయి. పొయ్యి స్విచ్ కట్టేశాను, వెయ్యకు.

చూపు పోయాక కూడా అమ్మ పాత పొయ్యి మీద తన టీ తనే పెట్టుకునేది. నాబ్ తిప్పితే టక్‌మనేది. ఆ చప్పుళ్లు లెక్కపెట్టుకుని వేడి తగ్గించేది, ఆపేది. నువ్వు తెచ్చినదానికి నాబ్‌లు లేవు, అంతా నున్నటి గాజు. ఆపే చోట గుర్తుగా చొక్కా గుండీ అంటించావు. అమ్మ ఆపుదామని ఆ గుండీ కోసం గాజంతా తడిమింది. తడమడానికీ నొక్కడానికీ దానికి తేడా తెలియదు. వేడి ఇంకా పెరిగింది. వెతుకుతూ వెతుకుతూ గిన్నె పక్కనే వేళ్లు పెట్టింది.

షాపులో నేను నాబ్‌లున్నది అడిగాను. ‘అవి ఇప్పుడెవరు కొంటున్నారు మేడమ్?’ అన్నాడు అమ్మేవాడు. ‘ఇది తుడవడం తేలిక అక్కా, ఒక్క గుడ్డతో అయిపోతుంది’ అన్నావు నువ్వు. ఈ ఇంట్లో పొయ్యి తుడిచే గుడ్డ ఎక్కడుంటుందో ఎప్పుడైనా చూశావా?

డ్యూటీకి టైమైంది, వెళ్తున్నాను.

అక్క

తా.క.: పాత సామాన్లు కొన్నాయనకు ఫోన్ చేశాను. మన పాత పొయ్యి నిన్ననే విప్పేశాడట. అమ్మకు చెప్పాను. ‘పోన్లేవే, టీ మానేద్దామనే అనుకుంటున్నా’ అంది. తన గ్లాసు ఎడమచేత్తో కడిగి, పై అరలో పెట్టేసింది.