రెండు పక్కలా పదును

గురువారం

మామిడి మండీ గుమాస్తాను పొడిచిన మడత కత్తిని స్టేషన్లో నా ముందు పెట్టారు. చిత్తూరులో పాత కత్తులు బాగుచేసేది నేనే కదా. కొమ్ము పిడి, ఇత్తడి మేకులు, మడత సందులో ఎండిన నెత్తురు.

"ఎవురి పనప్పా ఇది?" అన్నాడు ఎస్సై.

తెరవడానికి గోరు పెట్టే గాడి, అన్ని కత్తులకూ ఉండే వైపు కాదు, రెండో వైపు ఉంది. ఎడమచేతి వాటం తమ్ముడి కోసం నాయన అలాంటిది ఒక్కటే చేశాడు.

"శానా పాతది సార్. ఎవురు చేసినారో తెలీదు" అన్నాను.

ఇంటికి రాగానే తమ్ముడి మూతి పగలగొట్టాను. పెదవి చిట్లినా వాడు కదల్లేదు.

"సచ్చిపోయిన నాయన్ను తిట్టినాడన్నా. చీకట్లో మూడు పోట్లే తగిలినాయి."

వాడి గొంతు పట్టుకున్నాను. వాడు నవ్వాడు.

"సాన పట్టింది ఎవురు?"

గుమాస్తా ఇంకా కళ్లు తెరవలేదట.

వీడు మామిడి అంట్లు కట్టే ఆ కత్తికి ఒక పక్కే పదును పెడతాం. సోమవారం వీడు "ఈసారి రెండు పక్కలా పెట్టన్నా" అన్నాడు. ఎందుకురా అని అడగలేదు. ముంజేతి వెంట్రుకలు తెగుతున్నాయో లేదో చూసుకుని మరీ ఇచ్చాను.